రాయితీ వద్దు, సీటు ఇవ్వండి

హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోని గారికి,



ఒక్క కోరిక కోసం రాస్తున్నాను కాబట్టి దాన్నే ముందు చెప్పేస్తాను. జంట నగరాల్లో కతోలిక సభలు నడిపే మగపిల్లల హైస్కూళ్లు ఏటా ప్రవేశ తరగతిలో నాలుగో వంతు సీట్లు చుట్టుపక్కల బస్తీల పేదపిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. అలా ఇవ్వమని మీరు నోరు తెరిచి అడగాలి. విద్యాహక్కు చట్టం ఆ బడుల జోలికి రాదని నాకు తెలుసు, సుప్రీంకోర్టు మినహాయింపు ఇచ్చిందనీ తెలుసు. చట్టం బలవంతపెట్టగలిగితే జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టుకునేవాణ్ని, మీకు రాయాల్సిన పనే ఉండేది కాదు.

నేను మీ మతస్థుణ్ని కాను. ఈ నగరంలోనే ఒక కతోలిక మగపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. తెలుగు సెకండ్ లాంగ్వేజీ కనుక నా పీరియడ్ ఎప్పుడూ మధ్యాహ్నం అన్నాల తర్వాతే పడేది. నిద్రమొహాలతో కూర్చున్న నలభైమంది చేత పద్యాలు అప్పజెప్పించుకున్నాను. ఆ బడి నడిపే బ్రదర్ల దగ్గర పనిచేసినన్నాళ్లూ మాట పడలేదు, జీతం ఆలస్యం కాలేదు. వాళ్ల క్రమశిక్షణ మీద, ఒక పిల్లవాడి కోసం వాళ్లు పడే శ్రమ మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఈ నాలుగు మాటలు. ఆ బడి పేరు మాత్రం రాయను. నా ఫిర్యాదు ఒక బడి మీద కాదు.

పేరు చెప్పి మాట్లాడుకోవడానికి మీ కేథడ్రల్ పక్కనే మంచి ఉదాహరణ ఉంది. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూలు 1855లో మొదలైంది. అంటే సిపాయిల తిరుగుబాటు కన్నా రెండేళ్లు పెద్దది. దాని పక్కనున్న సెయింట్ జోసెఫ్స్ కేథడ్రల్‌కు పునాది పడింది 1870లో. మీరు కూర్చున్న పీఠం మేత్రాసనంగా ఏర్పడింది 1886లో. గుడి కన్నా, పీఠం కన్నా ముందు ఈ ఊళ్లో బడి వచ్చిందన్నమాట. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోయించిన తోప్ కా సాంచా ఉన్న చోటే తరం తర్వాత తరంగా వేలమంది మగపిల్లలు ఎక్కాలు చదివారు. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు. హైదర్‌గూడ సెయింట్ పాల్స్, ఆబిడ్స్ లిటిల్ ఫ్లవర్ కూడా వాళ్లవే.

ఈ ఊళ్లో ఆల్ సెయింట్స్ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది క్రికెట్. 1971లో ఓవల్ మైదానంలో ఇంగ్లండు గడ్డ మీద మన మొదటి టెస్టు విజయానికి చివరి ఫోర్ కొట్టిన సయ్యద్ ఆబిద్ అలీ ఆ బడిలో చదివినవాడే. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు చేసిన అజారుద్దీనూ అక్కడి పిల్లవాడే. వీళ్లెవరూ సంస్థానాధీశుల బిడ్డలు కారు. బేగంపేటలో జాగీర్దారుల కొడుకుల కోసం ఒక బడి వెలిసిన ఊళ్లో, మామూలు ఇళ్ల మగపిల్లలకు ఇంగ్లీషు చదువు, బ్యాటు పట్టే చోటు, రెండూ అందింది ఎక్కువగా ఇలాంటి మిషన్ బడుల్లోనే. గుమాస్తా కొడుకు, రైల్వే గార్డు కొడుకు, దర్జీ కొడుకు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నా తరం వాళ్లకు అది కళ్లారా చూసిన సంగతి.

ఇప్పుడా బెంచీ మీద ఎవరు కూర్చుంటున్నారు? ఏ బడి గేటు దగ్గరైనా ఉదయం ఎనిమిదింటికి ఒక పావుగంట నిలబడితే చాలు. ఆటోలు వస్తాయి. డ్రైవర్ సీటుకు అటూ ఇటూ చెక్కబల్ల బిగించి, వెనకాల కొక్కేలకు బ్యాగులు వేలాడదీసి, పదిమంది పిల్లల్ని కుక్కుకుని వస్తారు. ఎవడి వాటర్‌బాటిల్ ఏదో, ఎవడికి జలుబు చేసిందో, ఎవడి తల్లి ఇవాళ టిఫిన్ బాక్సు మర్చిపోయిందో ఆ డ్రైవరుకు తెలుసు. చిన్నవాణ్ని చంక కింద చేతులేసి దింపి, టై సరిచేసి, గేటు లోపలికి పంపి, వాడు మెట్లెక్కేదాకా చూస్తాడు. మా బడికి చాలా ఏళ్లు పిల్లల్ని తెచ్చిన ఒకతన్ని ఒకసారి అడిగాను, మీవాడు ఏ స్కూలని. బొగ్గులకుంట దగ్గర ఓ ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో నడిచే ఇంగ్లీషు మీడియం పేరు చెప్పాడు. "ఈడ సీటు గురించి అడగలేదా?" అన్నాను. నవ్వి, "మనకెందుకు సార్ ఈడ" అన్నాడు. ఎవరూ అతన్ని కాదనలేదు. అడగొచ్చన్న ఆలోచనే అతనికి రాలేదు. రోజుకు రెండుసార్లు ఆ గేటు దాకా వచ్చే మనిషికి.

మీకు ఈ సంగతి నేను వివరించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టు కాకూడదు, అనుభవించినవారు మీరు. కర్నూలు జిల్లా పోలూరులో పుట్టి, ఏడో తరగతి తర్వాత పేదరికం వల్ల చదువు ఆపేయాల్సి వచ్చిందనీ, మిషనరీలు చేరదీస్తే మళ్లీ బడికెళ్లాననీ మీరే చెప్పారు. ఆనాడు ఆ చేయి అందకపోయి ఉంటే 2022 ఆగస్టులో రోములో కార్డినల్ టోపీ పెట్టుకున్న మొదటి తెలుగువాడు, మొదటి దళితుడు మీరయ్యేవారు కారు. 2025 మేలో పాపుగారిని ఎన్నుకున్న గదిలో మన భాష మాట్లాడే మనిషి ఉండేవాడూ కాదు.

చట్టం సంగతికి వస్తాను. కాస్త ఓపిక పట్టండి, అసలు ముడి ఇక్కడే ఉంది.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అందులో 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో, ఎల్‌కేజీ ఉంటే అక్కడి నుంచే, కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉన్న పేద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి దాకా ఫీజు అడగకూడదు. ఆ ఖర్చు లెక్కకట్టి ప్రభుత్వం బడికి తిరిగి ఇవ్వాలి. యాజమాన్యాలు కోర్టుకెళ్లాయి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది గానీ ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ బడులకు వర్తించదంది. 2014 మే 6న ప్రమతి కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం మరో అడుగు వేసి, ఎయిడ్ తీసుకునేవైనా సరే, మైనారిటీ బడులన్నిటికీ ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది, బయటివాళ్లను ఇంతమందిని చేర్చుకోమని చట్టం శాసిస్తే ఆ హక్కు దెబ్బతింటుందన్నది తీర్పు సారం.

ఆ హక్కు విలువ నాకు తెలియంది కాదు. ఈ రోజుల్లో ఆ హక్కుకు ఎన్ని వైపుల నుంచి గురి పెడుతున్నారో కూడా చూస్తూనే ఉన్నాను. క్రిస్మస్ వేడుకల మీద గొడవలు, మతమార్పిడి ఆరోపణలు, బడి అసెంబ్లీలో ప్రార్థన మీద పేచీలు. ఇలాంటప్పుడు ఒక కోటాకు తలుపు తీస్తే దాని వెనకే ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఇన్‌స్పెక్టరు వెనక పార్టీ నాయకుడు వస్తాడు అన్న భయం బ్రదర్ల మాటల్లో నేను విన్నాను. భయం నిజమైందే. అందువల్లే, ప్రభుత్వానికి తాళంచెవి ఇవ్వకుండా, తలుపు మీరే తీయండి అంటున్నాను. ఎంతమందిని, ఏ పద్ధతిలో, ఏ బస్తీల నుంచి అన్నది మీ చేతిలోనే ఉంటుంది.

ఆలస్యం చేస్తే అది కూడా చేతిలో ఉండకపోవచ్చు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం, ప్రమతి తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, విషయాన్ని విస్తృత ధర్మాసనం పరిశీలనకు ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. ఆ వాదనల్లో పదేపదే వినిపించేది 2021లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన నివేదిక. క్రైస్తవ బడుల్లో చదివేవాళ్లలో 74 శాతం ఆ మైనారిటీ వర్గానికి చెందనివాళ్లేననీ, మొత్తం మైనారిటీ బడుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు 8.76 శాతం మాత్రమేననీ అది చెప్పింది. ఆ కమిషన్ ఉద్దేశాల మీద మీ పెద్దలకు అనుమానాలున్నాయి, నాకూ ఉన్నాయి. కానీ అంకెను తిట్టి లాభం లేదు, అంకెను మార్చాలి. సీట్లలో ఎక్కువ భాగం ఫీజు కట్టగలిగిన అన్యమతస్థులకు ఇచ్చి, పేదపిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా మైనారిటీ స్వభావం చెడుతుందంటే కోర్టు సంగతి అలా ఉంచండి, ఆటో డ్రైవరు కూడా ఒప్పుకోడు. 1958లోనే కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది, కొందరు బయటివాళ్లను చేర్చుకున్నంతలో సంస్థ మైనారిటీ స్వభావం పోదని. ఫీజు కట్టే బయటివాడితో పోని స్వభావం కట్టలేని బయటివాడితో పోతుందా?

మీవాళ్లు నాకు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. "మేం పేదలకు చేస్తూనే ఉన్నాం సార్, ఫీజు రాయితీలు ఇస్తున్నాం, పల్లెల్లో హాస్టళ్లు నడుపుతున్నాం, తెలుగు మీడియం బడులు నడుపుతున్నాం" అంటారు. నిజమే. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో మిషన్ హాస్టల్ అన్నం తిని పైకొచ్చినవాళ్ల లెక్క తేలదు. కానీ రాయితీ ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూసినవాణ్ని కనుక చెబుతున్నాను.

జూన్ మొదటివారం. ప్రిన్సిపాల్ గది బయట ఒక పొడుగాటి చెక్క బెంచీ. దాని మీద నలుగురైదుగురు తల్లులు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జ్ఞానస్నానం సర్టిఫికెట్ జెరాక్సు, పాత రిపోర్టు కార్డు, రేషన్ కార్డు, అన్నిటికీ పైన విచారణ (పారిష్) గురువులు రాసిచ్చిన ఉత్తరం. "ఈ కుటుంబం మా విచారణకు చెందినది, బీదవారు, దయచేసి ఫీజులో సహాయం చేయగలరు." ఆ ఉత్తరం కోసం ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారి చుట్టూ తిరగాలి. గాయకబృందంలో పాడేవాళ్ల పిల్లలకు అది తొందరగా దొరుకుతుంది. పూజకు రావడం తగ్గించినవాళ్లకు రెండు మాటలు పడ్డాక దొరుకుతుంది. బెంచీ మీద తల్లి కూర్చుంటే ఆమె కొడుకు యూనిఫాం వేసుకుని ఆ వరండాలోంచే మూత్రశాలకు వెళ్లాలి. నేను చూసిన ఒకడు మొహం పక్కకు తిప్పుకుని గోడ వెంబడి నడిచిపోయాడు, తల్లి పిలిచినా వినబడనట్టు. తొమ్మిదో తరగతి వాడు. రాయితీ వచ్చింది. పై ఏడాది జూన్‌లో మళ్లీ అదే బెంచీ.

రాయితీలో ఉన్న చిక్కు డబ్బు సరిపోకపోవడం కాదు. ప్రతి ఏడూ కొత్తగా అడుక్కోవాలి. ఇచ్చేవాళ్ల మనసు, ఉత్తరం రాసేవాళ్ల మనసు బాగుండాలి. ప్రిన్సిపాల్ బ్రదర్ ట్రాన్స్‌ఫరైతే లెక్క మొదటికొస్తుంది. ఇక విచారణ లేని పేదవాడికి, అంటే హిందువైన చాకలి కొడుక్కి, ముస్లిమైన మెకానిక్ కొడుక్కి ఆ ఉత్తరం రాసేదెవరు? సీటు వేరు. సీటు ఒకసారి వస్తే పదో తరగతి దాకా వాడిదే. ఎవరికీ దండం పెట్టనక్కరలేదు. ఎల్‌కేజీలో చేరిన రోజు నుంచి వాడు ఆ బడి పిల్లవాడు, ఇంకేమీ కాడు.

లియో పాపుగారు 2025 అక్టోబరులో పేదల గురించి వెలువరించిన ఉపదేశ పత్రంలో పేదల చదువుకే ఒక భాగం కేటాయించారు. దాన్ని ఉపకారంగా చూడకూడదు, విధిగా చూడాలన్న ధోరణి అందులో స్పష్టంగా ఉంది. అంతదాకా ఎందుకు, మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ లూయీ మరీ ద మాంట్‌ఫోర్ట్, మూడు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులోని లా రోషెల్‌లో పేదపిల్లల కోసం ధర్మబడులు పెట్టించినవాడు. బ్రదర్లు 1903లో ఇండియాకు వచ్చింది ఆ వారసత్వంతోనే. మీ భారత బిషప్పుల సమాఖ్య 2007లో తెచ్చిన విద్యావిధానం పేదలకూ దళితులకూ ముందు పీట వేయాలంది. కాగితం మీద కొరతేమీ లేదు.

మీ సంఘంలోనే ఉన్న ఒక ముడి గురించి కూడా రాయాలి. బయటివాణ్నైనా సరే. భారత కతోలికుల్లో ఎక్కువమంది దళితులేనని మీ బిషప్పుల సమాఖ్యే ఒప్పుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించారు, క్రైస్తవులకు సవరించలేదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీలో ఒక్క శాతం వాటాతో సర్దుకోవాలి. ప్రభుత్వం ఇవ్వాల్సింది ఇవ్వడం లేదని మీరు ఏటా ఆగస్టు 10న నల్లదినం పాటిస్తారు. న్యాయమైన పోరాటమే. దానికి బలం రావాలంటే మీ చేతిలో ఉన్న బడుల్లో ఆ పిల్లల వాటా ఎంతో ముందు గోడమీద రాసి చూపించగలగాలి.

డబ్బు మాట ఎత్తకుండా ఈ ఉత్తరం ముగిస్తే నన్ను పంతులు బుద్ధి అంటారు. నలభైమంది సెక్షన్‌లో పదిమందిని ఉచితంగా తీసుకుంటే, ఆ భారమంతా మిగతా ముప్పైమంది మీద వేస్తే, ఒక్కొక్కరి ఫీజు మూడో వంతు పెరుగుతుంది. ఆ ముప్పైమందిలో సగం అప్పు చేసి కట్టేవాళ్లే, వాళ్ల మీద వేయడం తప్పు. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అవుతుంటే నింపనివ్వకుండా ప్రభుత్వాలు ఏళ్ల తరబడి నాన్చాయి కాబట్టి జీతాల భారం బడుల మీదే పడిందన్నదీ నిజమే. కానీ పెంపు ఒక్కసారిగా రాదు. మొదటి ఏడాది ఎల్‌కేజీలో పదిమందే. రెండో ఏడాది ఇరవై. పన్నెండేళ్లకు గానీ బడి నిండా నాలుగో వంతు కాదు. ఆ మధ్య కాలంలో పాత విద్యార్థుల్ని అడగండి. ఈ బడుల్లో చదివినవాళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో, దుబాయిలో ఉన్నారు. జూబిలీ వచ్చిందంటే ఆర్చీలు కట్టిస్తారు, స్టేజీకి గ్రానైటు వేయిస్తారు, పాత టీచర్లకు శాలువాలు కప్పుతారు. నా దగ్గరా ఉన్నాయి బీరువా నిండా శాలువాలు, కప్పుకునే చలి హైదరాబాదులో లేదు. ఒక శాలువా సన్మానం ఖర్చుతో ఒక పిల్లవాడి ఏడాది పుస్తకాలు, బూట్లు, యూనిఫాం వస్తాయి. అడిగే తీరులో అడిగితే వాళ్లిస్తారు, నా పిల్లలు నాకు తెలుసు.

ఇంకో మాట తరచూ వింటాం: "ఆ పిల్లలు ఈ వాతావరణంలో ఇమడలేరు సార్, ఇంట్లో ఇంగ్లీషు ఉండదు." నాలుగేళ్లవాడు ఎక్కడైనా ఇముడుతాడు. ఇమడలేనిది తల్లిదండ్రులు, కొన్నిసార్లు టీచర్లు. హోంవర్కులో సాయం చేసేవాళ్లు ఇంట్లో లేరు కాబట్టి సాయంత్రం గంటసేపు బడిలోనే కూర్చోబెట్టి చేయించాలి. పైతరగతి పిల్లలు ఆ పని బాగా చేస్తారు, మోరల్ సైన్స్ పుస్తకంలో ఉన్నదంతా ఆ గంటలో వాళ్లకు వంటబడుతుంది. ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. పేదపిల్లలకు వేరే సెక్షన్, వేరే షిఫ్టు, వెనకవైపు వేరే భవనం పెట్టి, ముందువైపు భవనంలోవాళ్లు ఒక గేటు నుంచి, వీళ్లు ఇంకో గేటు నుంచి రావడం. మన నగరాల మిషన్ ప్రాంగణాల్లో ఆ పద్ధతి కొత్త కాదు. పెట్టినవాళ్లది మంచి మనసే కావచ్చు. పదేళ్లు ఒకే ప్రాంగణంలో చదివినా ఆ రెండు గేట్ల పిల్లలకు ఒకరి పేరొకరికి తెలియదు.

మగపిల్లల బడుల గురించే రాస్తున్నాను కనుక మరో సంగతి చెప్పక తప్పదు. పేద ఇంట్లో కొడుకునేమో అప్పు చేసి ఇంగ్లీషు మీడియానికి, కూతురినేమో సర్కారు బడికి పంపడం మనందరికీ తెలిసిన లెక్క. ఉచిత సీటు కూడా కొడుక్కే వస్తే ఆ తేడా ఇంకా ముదురుతుంది. గన్‌ఫౌండ్రీలోనే కన్యస్త్రీలు నడిపే రోజరీ కాన్వెంటు ఉంది. అన్నకు ఇక్కడ సీటు వచ్చిన ఇంట్లో చెల్లెలికి అక్కడ సీటు వచ్చేలా రెండు సభలూ మాట్లాడుకోవచ్చు. బ్రదర్లు, సిస్టర్లు ఒక బల్ల దగ్గర కూర్చుని అడ్మిషన్ల గురించి మాట్లాడుకున్న సందర్భం నా సర్వీసులో నేను చూడలేదు. మీరు పిలిస్తే కూర్చుంటారు.

బ్రదర్ల సభకు వాళ్ల ప్రొవిన్షియల్ ఉన్నారు, జెస్విట్లకు వాళ్ల పెద్దలున్నారు, వాళ్ల బడులు అగ్రపీఠం హుకుం మీద నడవవని నాకు తెలియక కాదు. కానీ అగ్రపీఠం సొంత బడులూ ఉన్నాయిగా, మొదట వాటిల్లో చేసి చూపిస్తే తక్కినవాళ్లు మొహమాటానికైనా వెనకే వస్తారు. కడప మేత్రాసనంలో ఉండగా మీరు బడుల వ్యవహారాలు చూసినవారే. అడ్మిషన్ల రిజిస్టరులో ఏ గడిలో ఏముంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు.

పక్క రాష్ట్రంలో ఈ 25 శాతం కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లో నడుస్తోంది, తలనొప్పులతోనే అయినా. తెలంగాణలో చట్టం వచ్చిన పదేళ్ల తర్వాత కూడా ప్రభుత్వాలు దాన్ని కోర్టు వాయిదాల్లో నానబెట్టాయి. ఇక్కడ ఏ కార్పొరేటు బడికన్నా ముందు, ఎవరూ అడగకుండా, మినహాయింపు చేతిలో ఉండి కూడా ఇచ్చిన బడులుగా మీ బడుల పేరు వినబడితే ఎలా ఉంటుందో ఊహించండి. రేపు విస్తృత ధర్మాసనం ముందు మీ వకీలు నిలబడి 30వ అధికరణం గురించి వాదించేటప్పుడు, చట్టం లేకుండానే మేం ఇంతమందిని చదివిస్తున్నాం మిలార్డ్ అని లెక్క చెప్పగలిగితే అంతకుమించిన వాదన ఉండదు.

వచ్చే డిసెంబరులో ఎల్‌కేజీ అప్లికేషన్ల నోటీసు గేటుకు అంటిస్తారు. మామూలుగా అందులో ఇంగ్లీషులో తేదీలు, వయసు, తేవాల్సిన కాగితాలు ఉంటాయి. ఈసారి దాని పక్కనే తెలుగులో, ఉర్దూలో ఇంకో నోటీసు ఉండాలి. ఈ బడికి ఇన్ని కిలోమీటర్ల లోపు ఉన్న కుటుంబాలకు ఇన్ని సీట్లు, మతంతో పని లేదు, ఎవరి ఉత్తరమూ అవసరం లేదు, రేషన్ కార్డు చాలు, ఫలానా ఆదివారం పొద్దున పదింటికి ప్లేగ్రౌండులో అందరి ముందు చీటీలు తీస్తాం, సీటు వచ్చినవాడికి పదో తరగతి దాకా ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, యాన్యువల్ డే డ్రెస్సుతో సహా బడి ఖర్చే. అప్లికేషన్ ఫారం ఉచితం. ఉర్దూ నోటీసు రాసిపెట్టేవాళ్లు మా పాత స్టాఫ్‌లోనే ఉన్నారు. తెలుగుది నేను రాసిస్తాను.

ఇట్లు,
నగరంలోని ఒక కతోలిక మగపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పిన రిటైర్డ్ టీచరు